తాళాలు ఇచ్చేయడానికి వచ్చిన అక్క: ఒక ఆత్మీయ కరువు కేసు

ఆమె నా దగ్గరకు కౌన్సెలింగ్ కోసం రాలేదు. స్త్రీల సమాజం బీరువా తాళాలు ఇచ్చేయడానికి వచ్చారు. 2023 ఆగస్టు, సన్నగా ముసురు పడుతోంది. చెంగుతో తల తుడుచుకుని, గుత్తి బల్ల మీద పెట్టి, "ఇవి ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి అమ్మగారూ, నేను పనికిరాను" అన్నారు. పదిహేడేళ్ళుగా ఆ గుత్తి ఆమె నడుముకే ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఇంకో మాట చెప్పారు. "ప్రార్థన చేస్తుంటే గోడకి చెప్పుకున్నట్టుంటోందండి. ఆరు నెలలైంది."

నేను రాజోలు వైపు ఒక లూథరన్ సంఘంలో కాపరి గారి భార్యను. కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేశాను. పన్నెండేళ్ళుగా మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళతో, ఎక్కువగా ఆడవాళ్ళతో, కూర్చుంటున్నాను. ఈ కేసు రాస్తానంటే ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. పేరు రాయను. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, మొదటి నుంచీ అక్క అనే పిలుస్తాను, ఇక్కడా అదే.

అక్కకి అప్పటికి 54. పుట్టిల్లు పాలకొల్లు వైపు. 1836లో మిషనరీ గ్రోవ్స్ దొర వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో మొదలుపెట్టిన బ్రదరన్ సంఘాల వాతావరణంలో పెరిగారు. రోజూ కుటుంబ ప్రార్థన, కంఠతా వాక్యాలు, కీర్తన పాడందే అన్నం లేదు. పెళ్ళయ్యాక మా సంఘానికి వచ్చారు. భర్తకి ఎకరంపాతిక కొబ్బరి తోట. ఆయన 2021 మేలో, కరోనా రెండో విడతలో పోయారు. ఆక్సిజన్ మంచం దొరికేసరికి ఆలస్యమైంది. సమాధి దగ్గర నలుగురే ఉన్నారు. మూడో ఆదివారం అక్క లేచి సంఘం ముందు తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పారు, "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" అంటూ. కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. 2022 జూలై వరదలో, భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటిన ఆ వరదలో, ఇంట్లోకి నడుములోతు నీళ్ళొచ్చాయి. అప్పుడూ నిలబడ్డారు. పునరావాస కేంద్రంలో వంట దగ్గరుండి చూసుకున్నారు.

సంఘంలో అందరినీ తికమక పెట్టింది ఇదే. అంత దెబ్బకి చలించని మనిషి, అంతా సర్దుకున్నాక, కొడుకు ఉద్యోగంలో కుదిరాక, 2023లో ఎందుకు ఎండిపోయింది? కొందరు గుసగుసగా "రహస్య పాపం ఏదైనా" అన్నారు. నేరుగా ఆమె ముందే "విశ్వాసంలో వెనకబడిపోతున్నావమ్మా, జాగ్రత్త" అన్నవాళ్ళూ ఉన్నారు.

తాళాలు నేను తీసుకోలేదు. "బల్ల మీదే ఉంచుదాం, వచ్చే వారం మాట్లాడుకుందాం" అన్నాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఎందుకంటే వెళ్ళేముందు ఒక పట్టిక చేతిలో పెట్టాను. ఉదయం మూడు అధ్యాయాలు, రాత్రి గంట ప్రార్థన, శుక్రవారం ఉపవాసం. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా, ఎవరైనా ఎండిపోయానంటే మన చెయ్యి తెలియకుండానే ఇలాంటి పట్టిక మీదకి పోతుంది. వారం తర్వాత అక్క వచ్చినప్పుడు ముఖం వాచి ఉంది. రెండో రోజుకే పట్టిక తప్పారు. శుక్రవారం మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి వాకిట్లో కూర్చుండిపోయారు. "చూశారా, ఇది కూడా నా వల్ల కాలేదు" అన్నారు. దాహమని వచ్చిన మనిషికి ఇంకో ఖాళీ బిందె ఇచ్చి పంపానన్నమాట.

అప్పుడు బుద్ధి తెచ్చుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను.

ముందు ఒళ్ళు

అక్క లేసు అల్లుతారు. నర్సాపురం చుట్టుపక్కల మిషనరీల కాలం నుంచి ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతుల మీద నడుస్తున్న పని. వసారాలో కూర్చుని, కబుర్లు చెబుతూనే, చూడకుండా అల్లేస్తారు. ఆ లేసు ఎలా సాగుతోందని మాట వరసకి అడిగాను. "సూది పట్టుకుని మూడు నెలలైంది" అన్నారు.

ఈ జవాబు నాకు ముఖ్యం. ప్రార్థన ఒక్కటే ఆగితే ఒక దారి. ప్రార్థనతో పాటు లేసు, నిద్ర, ఆకలి, మనవడి ఫోను మీద ఆసక్తి, అన్నీ ఆగితే ముందు చూడాల్సింది వేరే. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఉన్న సిలువ యోహాను అనే సన్యాసి, తన సొంత మఠం వాళ్ళే టొలేడోలో తొమ్మిది నెలలు గదిలో బంధించిన మనిషి, ఈ ఆత్మీయ చీకటి గురించి రాస్తూనే, ఒంట్లో రోగం వల్ల వచ్చే దిగులును వేరుగా గుర్తుపట్టమన్నాడు. రెండూ కలిసి కూడా ఉండొచ్చన్నాడు. మన ప్రసంగాల్లో ఈ జాగ్రత్త ఎందుకో వినపడదు.

డిప్రెషన్ గుర్తించడానికి డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం నా దగ్గర తెలుగులో ఉంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది. అక్కకి 14 వచ్చింది, మధ్యస్థం. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాన్ని చుట్టూ తిప్పకుండా అడగాలి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. "చచ్చిపోవాలని లేదండి. పొద్దున్న లేవకపోయినా బాగుండుననిపిస్తాది అప్పుడప్పుడు" అన్నారు. కొడుకుతో ఆ సాయంత్రమే మాట్లాడించాను. మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాను.

చలి ఎక్కువగా వేయడం, గొంతు బొంగురు, ముఖం వాపు కూడా ఉన్నాయి కాబట్టి డాక్టరు గారి దగ్గరకు పంపితే థైరాయిడ్ పరీక్ష రాశారు. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ అనే అంకె 18 దాటింది. ఉండాల్సింది నాలుగు, ఐదు లోపు. మాత్ర మొదలైంది, పరగడుపున, టీకి అరగంట ముందు.

అక్కకి ఇక్కడ ఒక ముల్లు. "మాత్ర మింగితే విశ్వాసం లేనట్టు కాదా?" నేను వాదించలేదు. మొదటి రాజులు 19 తీసి ఏలీయా భాగం చదవమన్నాను. చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్న ప్రవక్తని దూత తిట్టలేదు, వాక్యం చెప్పలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్ళీ పెట్టాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడిన సంగతి ఆ తర్వాత. "రెండుసార్లు పెట్టాడా!" అన్నారు అక్క. ఇన్నేళ్ళూ సండే స్కూల్లో ఆ కథ చెబుతూ అది గమనించలేదట. మాత్ర గొడవ అక్కడితో పోయింది.

అక్టోబరు చివరికి, ఏడెనిమిది వారాల తర్వాత, మళ్ళీ పరీక్ష చేస్తే అంకె సగానికి పైగా దిగింది. నవంబరులో పత్రంలో స్కోరు 6. నిద్ర వచ్చింది. ఒక రోజు సంచిలోంచి లేసు ముక్క తీసి నా ముందే అల్లుతూ కూర్చున్నారు. చాలా కేసులు ఇక్కడ ముగుస్తాయి, ముగియాలి కూడా.

ఈ కేసు ముగియలేదు. వేళ్ళు కదులుతున్నాయి, ఆకలి వేస్తోంది, నవ్వు కూడా వస్తోంది. ప్రార్థన మాత్రం అలాగే ఉంది, గోడలాగే. రోగం తీసి పక్కన పెడితే మిగిలిన ఎండు ఏదో అప్పుడు కనిపించింది.

కాలువ కథ చెప్పబోయి

నా రెండో పొరపాటు కొంచెం సిగ్గుపడాల్సిందే. ఇక్కడ ప్రతి కాపరి దగ్గరా కాలువ ఉపమానం ఒకటి ఉంటుంది. కాటన్ దొర 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి డెల్టా బతుకంతా కాలువల మీదే కాబట్టి అది తప్పదు. నేనూ చెప్పాను. "అక్కా, వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. నీళ్ళు లేవని గోదావరి ఎండిపోయిందనుకుంటామా? పూడిక తీయడానికి, షట్టర్లు బాగుచేయడానికి కట్టేస్తారు. దేవుడూ అంతే."

అక్క సూది ఆపి నా వంక చూశారు. "కాలువ కట్టేసే ముందు తారీఖు చెబుతారండి. మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాం. మళ్ళీ ఎప్పుడు వదులుతారో కూడా పేపర్లో వేస్తారు. నాకు ఎవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఉపమానం నేను ఇప్పటికీ వాడుతున్నాను, పిల్లలకి. ఎండలో ఉన్నవాళ్ళకి వాడను.

కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. ఆ తర్వాత అక్కే మాట్లాడారు, తోట గురించి. కౌన్సెలింగ్‌లో క్లయింటు విషయం మార్చితే తప్పించుకుంటున్నారని అనుమానించమని మాకు నేర్పుతారు. ఆ రోజు అనుమానించి ఆపి ఉంటే కేసు అక్కడే పోయేది.

"1996 తుఫాను గుర్తుందా మీకు?" అన్నారు. నవంబరు 6 రాత్రి. కోనసీమలో దాన్ని మర్చిపోయినవాళ్ళు లేరు. వాళ్ళ తోటలో సగం చెట్లు పడిపోయాయట. "మిగిలిన చెట్లు బానే ఉన్నాయనుకున్నాం. ఉన్న కాయ దింపుకున్నాం. తర్వాతేడు కాపు తగ్గింది. ఆ పైఏడు మరీ పడిపోయింది. మా మావగారు అన్నారు, ఇది ఇప్పటి జబ్బు కాదమ్మా, ఆ రాత్రి తిన్న దెబ్బ ఇప్పుడు బయటపడతంది అని."

ఇది ముసలాయన ఊహ కాదు. కొబ్బరి చెట్టుకి గెల బయటికి రావడానికి రెండేళ్ళకు పైగా ముందే మొవ్వు లోపల దాని రూపు మొదలవుతుంది. పూత విచ్చాక కాయ ముదరడానికి దాదాపు ఇంకో ఏడాది. అందుకే గాలివానకో నీటి ఎద్దడికో చెట్టు తిన్న దెబ్బ ఆ ఏటితో పోదు, తర్వాతి ఏళ్ళ దింపుల్లో కనిపిస్తుంది. తోట ఉన్న ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే.

అక్క చెప్పడం ఆపేశారు. లేసు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టారు. "ఇరవై ఒకటి మే. ఇరవై మూడు..." అని, పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. భర్త పోయాక ఆమె అలా ఏడవడం అదే మొదటిసారని తర్వాత చెప్పారు. మూడో ఆదివారమే సాక్ష్యం చెప్పిన మనిషికి ఏడవడానికి ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? వరద రాగానే వంటశాలకి వెళ్ళిపోయారు.

నా వంతు చిన్నది. "అయితే ఇది వెనకబడటం కాదేమో అక్కా" అన్నాను. అంతే.

88వ కీర్తన

జనవరిలో ఒక ప్రశ్న అడిగాను. ఇలాంటి కేసుల్లో ఇప్పుడు తప్పకుండా అడుగుతున్నాను. "దేవుడు లేడనిపిస్తోందా, ఉండీ మాట్లాడటం లేదనిపిస్తోందా?"

ఆలోచించలేదు. "ఉన్నాడండి. మా ఇంటికి రావడం మానేశాడు."

"మరి కోపంగా ఉందా?"

"దేవుడి మీద కోపమేంటండీ, తప్పు కదా."

బైబిలు ఇచ్చి 88వ కీర్తన పైకి చదవమన్నాను. కళ్ళజోడు సర్దుకుని, సండే స్కూల్లో చదివే గొంతుతో మొదలుపెట్టారు. మధ్యలో గొంతు తగ్గింది. చివరి మాట, "చీకటియే నాకు బంధువర్గమాయెను", దాదాపు వినపడలేదు. తర్వాత వేలు కిందికి జరిపి 89 అంకె చూసి, మళ్ళీ పైకి వచ్చి, పేజీ తిప్పి చూశారు.

"తర్వాత?"

"అంతే అక్కా."

"స్తుతి లేదా?"

లేదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే, ఫిర్యాదులే. చాలావాటిలో చివరికైనా ఒక వెలుగు గీత ఉంటుంది. ఇందులో అదీ లేదు. చీకటి అన్న మాటతో ఆగిపోతుంది. పుట్టినప్పటి నుంచి సంఘంలో ఉన్న ఆమె దీని మీద ఒక్క ప్రసంగం వినలేదు. నేనూ వినలేదు, నిజం చెప్పాలంటే.

"మరి దీన్ని బైబిల్లో ఎందుకు ఉంచారు?" అని అడిగారు. నేను ఎదురు అడిగాను. "మీరు ఎవరి మీద అలుగుతారు అక్కా? దారినపోయేవాళ్ళ మీద అలుగుతారా?" అలగడానికి కూడా చుట్టరికం ఉండాలి. పట్టించుకుంటారన్న నమ్మకం లేని చోట ఎవరూ అలగరు. ఈ కీర్తన రాసినవాడు రాత్రీ పగలూ మొరపెడుతున్నాననే అంటున్నాడు, అదీ దేవుడితోనే. వెళ్ళిపోయినవాడు ఆ పని చెయ్యడు.

నమ్మకం అనగానే అక్క మనసులో ఉన్నది ఒక వెచ్చదనం. పాట పాడుతుంటే గుండె నిండటం, ప్రార్థనలో కన్నీళ్ళు. అది పోయింది కాబట్టి నమ్మకం పోయిందనుకున్నారు. నేనూ నా పట్టికతో ఆ వెచ్చదనాన్నే తెప్పించబోయాను. తెప్పించగలిగేది కాదది.

ఆమెలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే మదర్ థెరెసా సంగతి చెప్పాను. కలకత్తాలో పేదల పని మొదలైన కొద్దికాలానికే ఆమెకి దేవుడి సన్నిధి తెలియడం ఆగిపోయిందని, మధ్యలో కొద్దిరోజులు తప్ప 1997లో పోయేదాకా అలాగే ఉందని, గురువులకు రాసుకున్న ఉత్తరాలు 2007లో పుస్తకంగా అచ్చయ్యాక లోకమంతటికీ తెలిసింది. "ఆవిడ కాథలిక్కులు కదా" అన్నారు అక్క ముందు. కాసేపాగి, "అన్నేళ్ళా!" అన్నారు. ధైర్యం వచ్చిందో భయం వేసిందో చెప్పలేను. ఈ ఉదాహరణ రెండు వైపులా పదునున్నది, అందరికీ చెప్పకూడదు.

సాయంత్రం ఒక్క మాట

పట్టిక చించేశాను. దాని బదులు దీపాలు పెట్టే వేళ తోట గట్టు మీద ఐదు నిమిషాలు కూర్చోవడం, ఒక్క నిజం చెప్పి లేచి రావడం. ఏమీ అనిపించకపోతే ఏమీ అనిపించలేదని చెప్పడం. మాట అక్కే కట్టుకున్నారు, "ప్రభువా, ఇవాళ కూడా నీ అలికిడి లేదు. నేను మాత్రం వచ్చాను." కొన్ని రోజులు మొదటి సగమే చెప్పి లేచిపోయేవారట. అది కూడా ప్రార్థన లెక్కలోకే రాసుకోమన్నాను.

భర్త మీద బెంగ కూడా ఆ గట్టు మీదే బయటికి రావడం మొదలైంది. ఆక్సిజన్ కోసం తిరిగిన ఆ రెండు రాత్రులు పూసగుచ్చినట్టు చెప్పారు, ఒకసారి నాతో, ఒకసారి కొడుకుతో. ఇది మామూలు శోక కౌన్సెలింగ్ పనే. ఇక్కడ విస్తరించను.

సంఘంతో పని ఇంతకంటే కష్టమైంది. సాక్ష్యం చెప్పమని అక్కని ఎవరూ అడగొద్దని మా వారితో చెప్పించాను. బుధవారం స్త్రీల కూడికలో ఆమె నోరు తెరవకుండా కూర్చోవచ్చని, పాడకపోతే ఎవరూ తిరిగి చూడొద్దని చెప్పాను. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. అక్క మాత్రం ఒక వారం చెప్పారు, "మీరంతా పాడుతుంటే పడవలో కూర్చున్నట్టుంది. నేను తెడ్డు వెయ్యట్లేదు, అయినా పడవ పోతంది." సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్ల కూడా అంతే. ఏమీ అనిపించకపోయినా చెయ్యి చాపితే రొట్టె చేతిలో పడుతుంది కాబట్టి అది మానలేదు.

మొత్తం పదకొండు సిట్టింగులు, ఎనిమిది నెలలు. చివరిది 2024 ఏప్రిల్‌లో. నేను ఆశించిన ముగింపు రాలేదు. ఒక సాయంత్రం సన్నిధి ముంచెత్తింది, ఏడ్చాను, పాడాను అని ఆమె చెప్పలేదు. అడిగితే, "గోడ అనిపించట్లేదండి. తలుపు అనిపిస్తంది. వేసే ఉంది" అన్నారు. ఆ రోజు వెళ్తూ వెళ్తూ బల్ల మీది తాళాల గుత్తి తీసుకుని నడుముకి దోపుకున్నారు. నేనేమీ అనలేదు, ఆమె కూడా ఏమీ అనలేదు. థైరాయిడ్ మాత్ర కొనసాగుతోంది.

నాకు తృప్తి లేనిది ఒకటి ఉంది. 2021లో ఆ మూడో ఆదివారం నేను ముందు వరసలోనే ఉన్నాను, "స్తోత్రం" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. శిక్షణ పొందిన మనిషిని. మూడు వారాలకే అంత తేటగా మాట్లాడుతున్న ఆమెని మర్నాడు ఇంటికెళ్ళి చూసి ఉండాల్సింది. వెళ్ళలేదు. ఇప్పుడు మా సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా క్యాలెండరులో మూడో నెల, ఏడాది, రెండేళ్ళు గుర్తు పెట్టుకుంటున్నాను. రెండేళ్ళ గుర్తు అక్క చెట్ల దగ్గర నేర్చుకున్నది.

2024 కోత పండుగ నాడు, వద్దన్న సంగతి తెలియని కొత్త పెద్ద ఒకాయన మైకులో అక్క పేరు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. నా గుండె జారింది. అక్క నిదానంగా లేచి, చెంగు సర్దుకుని, మైకు అందుకోకుండానే చెప్పారు. "నాకింకా చీకటిగానే ఉందండి. ఆదివారం ఆదివారం వస్తున్నాను. మీరు పాడుతుంటే వింటున్నాను. వందనాలు." కూర్చున్నారు.

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పెద్దాయన ఒక నిమిషం కాగితాలు తిప్పి, గొంతు సవరించుకుని, తర్వాతి కీర్తన నంబరు చెప్పారు. ఆ నెలలోనే ఇంకో ఇద్దరు, ఒకామె మా సంఘం కూడా కాదు, "అక్క చెప్పినట్టు నాకూ" అంటూ నా దగ్గరకొచ్చారు. ఇద్దరినీ ముందు రక్తపరీక్షకి పంపాను.